బల్ల ముందు నుంచి లేవడం

సంపత్ సార్ పెన్నుకు క్యాప్ పెట్టిన క్షణంలో నాకు మొదటిసారి భయం వేసింది.

అంతకు ముందు ఎత్తులో నేను నా ఒంటెతో ఆయన గుర్రాన్ని కొట్టాను. ఆయన చేయగలిగింది ఒక్కటే, పక్కనున్న బంటుతో నా ఒంటెను కొట్టడం. ఇంకో దారి లేదు. చెస్ నేర్చుకుని నెల తిరగని పిల్లాడైనా ఆలోచించకుండా కొట్టేస్తాడు. సంపత్ సార్ కొట్టలేదు. పెన్నుకు క్యాప్ పెట్టి, ఎత్తులు రాసుకునే కాగితం మీద అడ్డంగా ఉంచి, చేతులు కట్టుకుని కుర్చీలో వెనక్కి ఒరిగారు. ఆ తర్వాత కిటికీ వైపు చూశారు.

నేనూ చూశాను. కిటికీ అవతల వరండాలో మా అత్తమ్మ మా బాబును భుజాన వేసుకుని ఇటు నుంచి అటు తిరుగుతోంది. అద్దాలు మూసి ఉన్నాయి కాబట్టి ఏడుపు వినబడటం లేదు. వాడి నోరు మాత్రం తెరిచే ఉంది.

సంపత్ సార్ చాలా మర్యాదగా కళ్లు దించుకుని బోర్డు వైపు తిరిగారు. గడియారంలో ఆయన నిమిషాలు పోతున్నాయి, ఎవరి వంతైతే వాళ్ల టైమే తరుగుతుంది. ఆయనకు తొందర లేదు. బాబుకు అప్పుడు ఐదో నెల. సీసా నోట పెట్టడు, ఎన్ని రకాల సీసాలు మార్చినా పెట్టలేదు. నా కుర్తా లోపల అప్పటికే తడి మొదలైంది. ఆయన ఎత్తు కోసం చూడటం లేదని, నా కొడుకు ఆకలి కోసం చూస్తున్నారని నాకు అర్థమైంది.

ఇది కరీంనగర్‌లో, ఒక ఫంక్షన్ హాల్లో జరిగిన టోర్నమెంట్ చివరి రౌండ్. మగవాళ్లు, ఆడవాళ్లు అందరూ కలిసి ఆడే ఓపెన్ టోర్నమెంట్. సంపత్ సార్ మా ప్రాంతంలో అందరికంటే పెద్ద ఆటగాడు. ఆయన్ను ఓడించిన మగవాళ్లే తక్కువ, ఆడవాళ్లు అసలు లేరు. నేను ఆయనతో చాలాసార్లు ఆడాను. ఒకసారి డ్రా చేసుకున్నాను, మిగతావన్నీ ఓడిపోయాను.

ఇప్పుడు నేను ఆడటం లేదు. ముప్పై నాలుగేళ్లకే రిటైరయ్యానంటే మా ఇంట్లో నవ్వుతారు గానీ, చదరంగంలో అది వింతేమీ కాదు. పిల్లలిద్దరూ పడుకున్నాక ఇది రాస్తున్నాను. కొత్తగా టోర్నమెంట్లకు వెళ్తున్న అమ్మాయిలు, వాళ్ల తల్లులు ఫోన్ చేసి ఏ ఓపెనింగ్ నేర్చుకోవాలి, ఏ యాప్ మంచిది అని అడుగుతుంటారు. వాటికి జవాబులు చాలామంది చెప్తారు. నేను ఈ పనిలో నిజంగా దేనితో కుస్తీ పట్టానో అది చెప్తాను. చదివాక మీ పిల్లను పంపాలో వద్దో మీ ఇష్టం. నేనైతే పంపమనే అంటాను. భయపడుతూనే అంటాను.

కాలనీ రూలు

మా బాపు పాత ఆదిలాబాద్ జిల్లాలో బొగ్గు బాయిలో, అంటే గనిలో, పనిచేసేవాడు. మేం ఉండే క్వార్టర్ల పక్కన ఒక రేకుల షెడ్డు, దాని కింద సిమెంటు గద్దె, గద్దె మీద గళ్లు గీసిన బోర్డు. బోర్డు ఒక్కటే. డ్యూటీ దిగి వచ్చే వాళ్లు చాలామంది. అందుకని అక్కడ ఒక రూలు ఉండేది. గద్దె మీద నుంచి లేచినవాడు ఓడిపోయినట్టు లెక్క. ఆట ఎంత బాగున్నా సరే, లేచాడంటే వెనక నిలబడ్డ మనిషి వచ్చి కూర్చునేవాడు. చాయ్ కూర్చున్న చోటికే వచ్చేది. ఇంటి నుంచి పిలుపు వస్తే వెనకున్నవాళ్లతో కబురు పంపేవాళ్లు. ఒంటికి పోవాల్సి వస్తే బిగపట్టుకునేవాళ్లు.

నన్ను అక్కడ కూర్చోబెట్టిన రోజు బాపు చెప్పిన మాట ఇంకా చెవిలో ఉంది. "బిడ్డా, గీల్లంత నిన్ను నవ్వుతరు. నవ్వనీ. ఏడుపొచ్చినా గద్దె మీదికెళ్లి లేవకు. లేస్తే ఆట పాయె."

నేను లేవలేదు. ఆ షెడ్డులో పెద్ద పెద్ద మనుషులను ఓడించాను. లేవని పోరి అని పేరొచ్చింది. బాపు ఆ మాట చెప్పుకుని మురిసిపోయేవాడు.

కాలనీ ఆటలో ఇంకో తేడా ఉండేది. బంటు అవతలి చివరికి చేరితే, ఏ గడిలో ఆగిందో ఆ గడి కాయే అవుతుంది. ఏనుగు గడికి చేరితే ఏనుగు, గుర్రం గడికి చేరితే గుర్రం. అసలు రూలు ప్రకారం ఎక్కడికి చేరినా మంత్రిని పెట్టుకోవచ్చని నాకు తెలియదు. నా మొదటి టోర్నమెంట్‌లో మూల గడికి బంటును తోసి, శ్రద్ధగా ఏనుగును పెట్టాను. ఎదురుగా ఉన్న అబ్బాయి ఆర్బిటర్‌ను పిలిచి మరీ నవ్వాడు. ఆర్బిటర్ అంటే ఆట నియమాలు చూసే ఆయన. ఆయన కూడా నవ్వాడు. సిగ్గుతో చచ్చిపోయాను గానీ, ఆ తప్పు ఆ రోజుతో పోయింది.

లేవకూడదనే రూలు అలా పోలేదు. అది ఎవరికీ కనబడలేదు. పైగా మెచ్చుకున్నారు. "పిల్ల ఎంత బుద్ధిగ కూసుంటదో సూడుండ్రి" అని తల్లిదండ్రులు తమ అబ్బాయిలకు నన్ను చూపించేవాళ్లు. నలుగురికీ కనబడే తప్పు తొందరగా దిద్దుకుంటాం. మెచ్చుకున్న తప్పు ఒంట్లో ఉండిపోతుంది.

ఆదిలాబాద్ చలిలో

డిగ్రీ చదివే రోజుల్లో ఆదిలాబాద్‌లో ఒక టోర్నమెంట్ ఆడాను. చలికాలం. నా ఎదురుగా ఉన్న పెద్దాయన పత్తి వ్యాపారి. ఇంట్లో మరాఠీ, బజారులో తెలుగు మాట్లాడే మనిషి. నేను బాగా ఆడాను. ఒక గుర్రం ఎక్కువ ఉంది, ఆయన రాజు చుట్టూ కాపలా లేదు. గెలిచిన ఆట.

కానీ ఉదయం నుంచి నేను ఒంటికి పోలేదు. హాలు వెనకాల ఉన్న మరుగుదొడ్డికి గడియ లేదు, దారంతా అబ్బాయిలు నిలబడి ఉన్నారు. ఆ మాట కూడా సగమే నిజం. గడియ ఉన్నా నేను లేచేదాన్ని కాదు. పెద్దమనిషి ఆలోచిస్తుంటే ఆడపిల్ల లేచి ఎలా పోతుంది? లేస్తే ఆట పోతుంది కదా. అది కాలనీ గద్దె కాదని బుర్రకు తెలుసు, ఒంటికి తెలియదు.

చివరికి బోర్డు మీద కాయలు కనబడుతున్నాయి గానీ వాటికి అర్థం లేదు. రాజును ఒక గడి పక్కకు జరిపాను. ఆయన గుర్రం వచ్చి ఒకేసారి నా రాజు మీదా మంత్రి మీదా గురిపెట్టింది. అయిపోయింది.

ఆయన ఎత్తుల కాగితం మీద సంతకం పెట్టి నా వైపు చూశాడు. "కాయ్ ఝాలా పోరీ, ఏమైంది? మంచిగ ఆడినవ్. గంట సంది కుర్చీల ఊగుతనే ఉన్నవ్."

నేను తలుపు వైపు చూశాను.

ఆయనకు అర్థమైనట్టుంది. గొంతు తగ్గించి అన్నాడు. "నడువ్ జల్ది. మా ఇల్లు గీ ఎదురుంగనే. మా కోడలున్నది ఇంట్ల. ఆట రేపు గూడ ఉంటది."

ఆ కోడలు తలుపు చూపించి ఏమీ అడగలేదు. బయటికి వచ్చాక మాత్రం, "అక్కడికొచ్చే పోరీలందరు మా ఇంటికే వస్తరు, ఓడినంక" అంది. గెలిచాక ఎవరూ రాలేదా అని అడగాలనిపించింది. అడగలేదు.

అప్పుడు నేర్చుకోవాల్సింది నేర్చుకోలేదు. నేను నేర్చుకున్నది ముందు రోజు సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేయడం. చాలా ఏళ్లు అలాగే ఆడాను. మూత్రంలో మంటకు మందులు వాడాను. కరీంనగర్‌లో డాక్టరమ్మ ఒకసారి, "నువ్వు ఆడేది చెస్సా, ఉపాసమా?" అని తిట్టింది. ఇప్పుడు మీకు చెప్తున్నాను. హాల్లోకి వెళ్లగానే మీ ఆట ఎవరితో అని కాగితం దగ్గరికి పరుగెత్తకండి. ముందు ఆడవాళ్ల దొడ్డి ఎక్కడుంది, గడియ ఉందా, బకెట్లో నీళ్లున్నాయా చూసుకోండి. లేకపోతే నిర్వాహకులను అడగండి. మొహమాటపడితే నాలాగే అవుతారు.

బడి, కుక్కర్లు

ఓపెన్ టోర్నమెంట్లలో ఆడవాళ్లకు ఒక ప్రత్యేక బహుమతి ఉంటుంది. మా ఇంట్లో ఇప్పుడు నాలుగు ప్రెషర్ కుక్కర్లు ఉన్నాయి. ఒక్కటీ నేను కొన్నది కాదు. ఆ కుక్కరు వస్తే మనకు చాలని తెలిసి చివరి రౌండ్లో మగవాళ్లు పది ఎత్తులకే డ్రా అడుగుతారు, మనం ఒప్పుకుంటాం. నేనూ ఒప్పుకున్నాను. ఒప్పుకుంటూ పోతే మనం ఎంత ఆడగలమో ఎవరికీ తెలియదు, మనకూ తెలియదు.

నా అసలు పని టోర్నమెంట్లు కూడా కాదు. కరీంనగర్‌లో ఒక బడిలో పిల్లలకు చెస్ నేర్పేదాన్ని. నా చేతి కింద ఒక ఇరవై మంది ఉండేవాళ్లు. వాళ్లలో కొందరికి నేను బంటు ఎలా కదులుతుందో చెప్పిన రోజు నుంచి తెలుసు. వాళ్లను నా దగ్గరే ఉంచుకోవాలి, అంతే నా కోరిక.

బాబు పుట్టి మూడు నెలలయ్యాక కరస్పాండెంట్ సార్ పిలిచారు. బడి యజమాని ఆయనే. మంచి మనిషి, ఏ మాటైనా ముందు చాయ్ తెప్పించాకే చెప్తారు. ఆ రోజు చాయ్‌తో పాటు బిస్కెట్లు కూడా తెప్పించారు. అప్పుడే నాకు గుబులు మొదలైంది.

"మేడం, మీరు మంచిగనే చెప్తరు. నేను కాదంటలే. పేరెంట్సే జర పరేషాన్ అయితుండ్రు. చిన్న పిలగాన్ని పెట్టుకుని మేడం మా పోరగాండ్లను టోర్నమెంట్లకు ఎట్ల తీస్కపోతదని అడుగుతుండ్రు."

"తీస్కపోత సార్."

"సంపత్ సార్ గూడ ఈ ఏడు ఖాళీగ ఉన్నడంట."

అసలు మాట అదీ. నేను బిస్కెట్ పట్టుకుని కూర్చున్నాను, తినలేకపోయాను.

"వచ్చే నెల ఇక్కడ టోర్నమెంట్ ఉంది సార్. నేను ఆడుతున్న."

"ఆడుండ్రి మేడం. పేరెంట్స్ గూడ వస్తరు. సూస్తరు. దాని తర్వాత మాట్లాడుకుందం."

అలా ఆ టోర్నమెంట్ నాకు పరీక్ష అయింది. చివరి రౌండ్లో నా పేరు ఎదురుగా సంపత్ సార్ పేరు ఉంది. ఆయనకు ఆ బడి సంగతి తెలుసో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. అడగలేదు. వెనక కుర్చీల్లో కరస్పాండెంట్ సార్, నా పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు కూర్చుని ఉన్నారు. ఓడితే ఆ ఇరవై మంది జూన్‌లో ఆయన క్లాసులో కూర్చుంటారు.

ఆయన టైం, నా టైం

మళ్లీ ఆ పెన్ను క్యాప్ దగ్గరికి వస్తాను.

ఆయన కదలలేదు. పది నిమిషాలు, ఇంకా పైన. అత్తమ్మ ఒకసారి అద్దం మీద వేలితో కొట్టింది. నేను తల ఊపాను. ఆ ఊపడానికి అర్థం నాకే తెలియదు, ఆమెకేం తెలుస్తుంది. వాడి మొహం ఎర్రగా అయిపోయింది. ఊపిరి బిగబట్టి ఏడుస్తాడు, అది మా బాబుకు అలవాటు. మళ్లీ ఊపిరి తీసుకునే దాకా నాకు ప్రాణం ఉండదు. అద్దం ఇవతల నుంచి అది చూస్తూ కూర్చోవడం ఎలా ఉంటుందో రాయలేను.

లేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. నేను తలుపు దాటగానే ఆయన బంటుతో కొట్టేసి గడియారం నొక్కుతారు. అప్పటి నుంచి పోయేది నా టైం. ఆయన కూర్చున్నది అందుకే. లేస్తే నా నిమిషాలు కరుగుతాయి, లేవకపోతే నా బుర్ర కరుగుతుంది. బాపు మాట ఒకటి గిర్రున తిరుగుతోంది. లేస్తే ఆట పాయె.

అప్పుడు గడియారం చూశాను. నిజానికి అంతసేపూ నేను గడియారం చూడనే లేదు. పిల్లాణ్ని, ఆయన్ను, పిల్లాణ్ని చూస్తూ కూర్చున్నాను. ఆయన ఆ ఒక్క ఎత్తు మీద దాదాపు అరగంట ఖర్చు పెట్టారు. ఆయనకు పది నిమిషాల కంటే కాస్త ఎక్కువ మిగిలింది. నాకు ఇంకా ముప్పావుగంట ఉంది. ఆ ముప్పావుగంట నాది. బోర్డు మీద ఖర్చు పెట్టినా నాదే, నా కొడుకు మీద ఖర్చు పెట్టినా నాదే. ఇంత చిన్న లెక్క అన్నేళ్లు నా బుర్రకు ఎందుకు తట్టలేదో తెలియదు.

లేచాను. కుర్చీ గట్టిగా చప్పుడైంది. వెనక వరసలో నా విద్యార్థి తల్లి ఒకామె, "ఓడిపోయిందా?" అని పక్కామెను అడగడం వినబడింది.

ఆర్బిటర్ యాదగిరి సార్ బల్ల దగ్గరికి వెళ్లాను.

"సార్, బాబుకు పాలియ్యాలె. పోయి వస్త."

ఆయన కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకున్నారు. "ఎక్కడికి పోతవమ్మా? హాల్ దాటి పోవద్దు కదా."

"దాటను సార్. గా గిన్నెల రూం ఉన్నది కదా, అత్తమ్మతోని బాబును అండ్లకు తెప్పిచ్చుకుంట."

"పెద్దామె గూడ లోపలికి వస్తదా?"

"పిలగాడు ఒక్కడే నడిచి రాడు కదా సార్."

ఆయన నవ్వలేదు. "రూల్స్‌ల గిట్ల రాసి లేదమ్మా."

"వద్దని రాసి ఉన్నదా సార్?"

"అదీ లేదు." కాసేపు బల్ల మీద వేళ్లు ఆడించారు. "సరే. సుజాత మేడం నీతోని కూసుంటది. పెద్దామె ఫోన్ నా దగ్గర పెట్టాలె. ఆట మాట ఒక్కటి గూడ మాట్లాడొద్దు. ఇంకోటి, నువ్వు అటు పోయినంక ఆయన ఎత్తు వేసిండనుకో, నీ గడియారం నడుస్తది. నేను ఆపను."

"ఆపకండ్రి సార్."

గిన్నెల గదిలో పెళ్లిళ్లకు వాడే పెద్ద గుండిగలు బోర్లించి ఉన్నాయి. ఒక దాని మీద నేను కూర్చున్నాను, ఇంకో దాని మీద సుజాత మేడం. ఆమె ఒక బడిలో ఆటల టీచర్, ఆ రోజు ఆర్బిటర్‌కు సాయంగా వచ్చింది. అత్తమ్మ బాబును నా ఒళ్లో పడేసి, "ఇంతసేపా? పిలగాని గొంతు పొయ్యింది" అంది. వాడు పట్టుకున్న తీరుకు నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

"గెలుస్తున్నవా?" అంది అత్తమ్మ.

"అమ్మా, ఆట మాటలొద్దు" అంది సుజాత మేడం.

"ఆట నాకేం తెలుసు బిడ్డా. కోడలి మొఖం జూసి అడుగుతున్న."

"మొఖం గురించి గూడ వద్దమ్మా."

అత్తమ్మ తలుపు సందు దగ్గర నిలబడింది. రెండు నిమిషాలు కూడా కాలేదు.

"గా సార్ చెయ్యి కదిలింది" అంది.

"అమ్మా."

"ఇదేం ఆట మాట తల్లీ? చెయ్యి కదిలిందంటున్న. మనిషి చెయ్యి కదిలితే గూడ చెప్పొద్దా?"

సుజాత మేడం నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. నాకు నవ్వు రాలేదు. నా గడియారం నడుస్తోంది. ఒక పక్క అయిపోయింది, వాడు కళ్లు మూస్తున్నాడు. లేచి పోదామని వాణ్ని అత్తమ్మకు అందించబోయాను.

ఆమె చేతులు చాపలేదు. "రెండో దిక్కు గూడ ఇయ్యి. సగం కడుపుతోని తీసుకపోతే మల్ల మొదలువెడ్తడు. అప్పుడు మల్ల లేస్తవా?"

ఇచ్చాను. నా టైం పోతోందని తెలిసి, వెనక్కి ఒరిగి, గోడకు తల ఆనించి ఇచ్చాను. ఈ పనిలో నేను చేసిన కష్టమైన ఎత్తు అదే అనుకుంటాను. వాడు తాగుతుంటే బోర్డు మొత్తం కళ్ల ముందుకు వచ్చింది, తొందర లేకుండా. బంటుతో కొట్టాక ఆయన బంట్లు రెండు ఒకే వరసలో ఒకదాని వెనక ఒకటి ఇరుక్కుంటాయి. ఏనుగును ఎక్కడ పెట్టాలో అక్కడే తేలింది.

తిరిగి వచ్చేసరికి నాకు అరగంట కంటే కాస్త తక్కువ ఉంది. ఆయనకు పది నిమిషాలు. ఏనుగును జరిపి గడియారం నొక్కాను.

సంపత్ సార్ నా మొహం చూశారు, నా కుర్తా మీది తడి చూశారు, చూపు తిప్పుకున్నారు. రెండు మూడు ఎత్తులయ్యాక మెల్లగా అన్నారు. "డ్రా చేసుకుందామా చెల్లె? పిలగాడున్నడు. ఇంటికి పోవచ్చు."

డ్రా అయినా నాకు నష్టం లేదు. నాలుగో కుక్కరు వస్తుంది. సంపత్ సార్‌తో డ్రా అంటే తల్లిదండ్రులు కూడా తల ఊపుతారు. ఇంటికి పోవాలని ఎంత ఉందో చెప్పలేను. కానీ బాబు నిద్రపోయాడు. కడుపు నిండింది. ఇంటికి పోవాల్సిన తొందర ఇప్పుడు ఎవరికుంది?

"ఆడుదాం సార్" అన్నాను.

అది గొప్ప ఆట కాదు. ఎవరైనా అలా చెప్తే నమ్మకండి. నేను మధ్యలో ఒక చెత్త ఎత్తు వేశాను. ఆయనకు టైం ఉంటే పట్టేసేవారు. టైం లేదు, పట్టలేదు. ఆయన రాజును తొందరలో తప్పు దారిలో తెచ్చారు. నా ఏనుగు ఆ వరసను మూసేసింది. ఆయన రాజు ఒక పక్క, నా బంటు ఇంకో పక్క. బంటు పరిగెత్తింది. చివరి గడికి ఇంకో రెండు అడుగులుండగా ఆయన చేయి చాపారు.

నేను వెంటనే చేయి కలపలేదు. డ్రా అడుగుతున్నారేమో అనుకున్నాను. ఆయన గడియారం ఆపాక గానీ, ఓటమి ఒప్పుకున్నారని నాకు అర్థం కాలేదు.

తర్వాత

ఎత్తులు రాసిన కాగితాల మీద సంతకాలు పెట్టేటప్పుడు ఆయనే అన్నారు. "నువ్వు లేచి పోతవనుకోలే చెల్లె. ఇన్నేండ్ల సంది ఆడుతున్నం. నువ్వు ఎన్నడన్న లేచినవా?"

"లేవలే సార్."

"నాకు తెలుసు. నీతోని ఆడేటోళ్లందరికి తెలుసు."

అన్నేళ్లూ నా బుద్ధిమంతతనం అనుకున్నది వాళ్లకు ఒక లెక్క అన్నమాట. ఆ పిల్లతో ఆట అంటే కొంచెం లాగితే చాలు, తనే అలిసిపోతుంది.

"ఒక్క బంటు ఎత్తుకు అంతసేపు ఎందుకు సార్?" అని అడిగాను.

ఆయన కోపం తెచ్చుకోలేదు, సిగ్గూ పడలేదు. "టైం నాది కదా చెల్లె" అన్నారు.

నిజమే. ఆయన ఏ నియమమూ తప్పలేదు. ఆయన చెడ్డవాడని నేను అనను. అలాగని ఆ అరగంటను మరిచిపోనూ లేను. ఈ పనిలోకి వచ్చే అమ్మాయిలకు చెప్పేది ఇదే. ఎదుటివాళ్ల దయ మీద మీ ఆట పెట్టుకోకండి. మీ అలవాట్లు వాళ్లకు తెలుసు. మీకు తెలుసా, అది చూసుకోండి.

కరస్పాండెంట్ సార్ వచ్చి, "మేడం, మన పిల్లలు మీ దగ్గర్నే ఉంటరు. అండ్ల డౌటే లేదు" అన్నారు. పిల్లలు చుట్టూ చేరి అరిచారు. నాకు సంతోషం కలిగింది, లేదనను. దాని వెనకాలే ఇంకోటి వచ్చింది. నా క్లాసు నాకు మిగలాలంటే నేను ప్రతిసారీ ఊళ్లో అందరికంటే పెద్ద ఆటగాణ్ని ఓడించాలా? ఆయన ఆ రోజు గెలిచి ఉంటే నేను నేర్పడం చేతకాని దాన్ని అయ్యేదాన్నా? ఆట మానేశాక కూడా ఆ ప్రశ్న ఉండుండి వస్తుంటుంది.

ఆటోలో అత్తమ్మ అడిగింది. "గెలిచినవా ఓడినవా, చెప్పకపోతివి."

"గెలిచిన అత్తమ్మా."

"మరి మొఖం గట్లెందుకు పెట్టినవ్?" జవాబు కోసం చూడలేదు. బాబు చెవుల మీద కొంగు కప్పుతూ, "ఈసారికెల్లి తలుపు దగ్గర్నే కుర్సీ ఏపియ్యి నాకు" అంది.

మర్నాడు సోమవారం. మా పెద్దది వేదకు అప్పుడు ఆరేళ్లు, ఒకటో తరగతి. ముందు రోజు వాళ్ల నాన్నతో ఇంట్లోనే ఉంది. యూనిఫాం తొడుగుతుంటే, "గెలిచినవా అమ్మా?" అని అడిగింది. గెలిచానన్నాను. "ఎట్ల?" అంది. ఏనుగు గురించి చెప్పబోతూ నీళ్ల సీసా నింపి సంచిలో పెట్టాను. అది సీసా తీసి గట్టు మీద పెట్టింది.

"నీళ్లొద్దు."

"ఎందుకు?"

"తాగితే ఒంటికొస్తది. టీచర్ నడుమల పోనియ్యది. కూసోమంటది. నేను మంచిగ కూసుంట. టీచర్ నాకు స్టార్ ఇచ్చింది."

చేతి మీద నక్షత్రం గుర్తు చూపించింది. సగం చెరిగిపోయి ఉంది. ఈ పిల్ల ఎన్ని రోజుల నుంచి ఇలా కూర్చుంటోంది? నేనెందుకు చూడలేదు? బాబును చంకలో వేసుకునే దాని ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను.

"నిన్న నేను ఆట నడుమల లేచి పోయిన వేదా. తమ్మునికి పాలిచ్చి వచ్చిన. అందుకే గెలిచిన" అన్నాను.

"ఎవరూ తిట్టలేదా?"

"తిట్టలే. ఒకవేళ తిట్టినా పోయేదాన్నే."

అది నమ్మలేదు. "మా టీచర్ తిడ్తది" అంది.

వాళ్లిద్దరికీ అప్పుడు చెప్పాను. వేదకు చెప్తూ, చంకలో నా గొలుసు నములుతున్న వాడికి కూడా చెప్పాను. "ఇయ్యాల నేను మీ టీచర్‌తోని మాట్లాడుత. మాట్లాడినా ఇనకపోవచ్చు. అందుకే ఇను. నీళ్లు తాగు. ఒంటికొస్తే లేచి నిలబడి అడుగు. వద్దంటే ఇంకోసారి అడుగు. మూడోసారి అడగకు, లేచి పో. తిడ్తే తిట్టనీ. స్టార్ పోతే పోనీ. తిట్టేసరికి నువ్వు తలుపు దాటి ఉంటవ్."